చేతులు పట్టుకున్నందుకు ఫౌల్

షార్జా,
శుక్రవారం.

అన్నకు, నీ తమ్ముడు మస్తాన్ సలాములు. అల్లా దయవల్ల నా ఒళ్లు బాగానే ఉంది. వదిన మోకాలి నొప్పి తగ్గి, గడప దాటి తిరుగుతోందని నీ చేత్తో రాస్తే నా మనసు కుదుటపడుతుంది. నా రషీదాను, పాపను మీ ఇంట్లో పెట్టుకుని చూసుకోబట్టే నేనిక్కడ ఇన్నాళ్లు నిలబడగలిగాను. నా గురించి దిగులు పడొద్దు. వేళకు తింటున్నాను. నిన్న పప్పులో చింతపండు ఎక్కువైంది, అయినా తిన్నాను.

ఎండలు అప్పుడే మొదలయ్యాయి. కాలు ఒకచోట నిలవడం లేదన్నా. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. ఇవాళ సెలవు కదా, పొద్దున్నే ఖాళీ గ్రౌండు చుట్టూ ఊరికే తిరిగి వచ్చాను. ఎందుకో రాస్తాను. ఫోనులో చెప్పబోతే కార్డు సగంలోనే అయిపోతుంది.

మా కాలేజీ చిన్నదని నీకు తెలుసు. దాని యజమానిని ఇక్కడ అందరం ముదీర్ అంటాం. ఆయన అమెరికాలో చదువుకుని వచ్చి, అక్కడి ఫుట్‌బాల్ ఇక్కడ ఆడించాలని పట్టుబట్టాడు. అది మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారం బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తాలి, ఎదుటివాళ్లు పట్టుకుని పడేయాలి. నెత్తిన హెల్మెట్, భుజాలకు మెత్తలు. నేర్పడానికి అక్కడి నుంచే ఒక ముసలి కోచ్‌ను తెచ్చాడు. ఆయన ముప్పై ఏళ్లు ఒకే చిన్న కాలేజీలో పనిచేశాడట. పెద్ద కాలేజీలు పిలవలేదా అని నా వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను. "ఒకసారి పిలిచారు. ఆ ఏడాది మా పిల్లలు బాగా ఆడుతున్నారు, వదిలి పోలేకపోయాను" అన్నాడు. నేను ఆయనకు హెల్పర్‌ని. సామాను మోయడం, గ్రౌండులో గీతలు కొట్టడం నా పని. ఒకరోజు మన కబడ్డీ చీలమండ పట్టు చూపిస్తే మురిసిపోయి, అప్పటినుంచి పట్టు నేర్పే పని నాకే వదిలేశాడు.

చలికాలంలో ఆయన ఆరోగ్యం చెడి తన దేశం వెళ్లిపోయాడు. బొమ్మలు గీసిన తన నోటుబుక్కు నాకిచ్చాడు. ముదీర్ నన్ను పిలిచి, "ఈ సీజన్ నువ్వు నడిపించు. బాగా ఆడిస్తే నీ వీసాలో హెల్పర్ తీసి కోచ్ అని రాయిస్తా" అన్నాడు. హెల్పర్ వీసా మీద పెళ్లాంపిల్లల్ని తెచ్చుకోనివ్వరు, కోచ్ అయితే తెచ్చుకోవచ్చు. ఆ మాట చెప్పినప్పటినుంచి రషీదా ఎంత హుషారుగా ఉందో నువ్వు చూస్తూనే ఉన్నావు.

పోయిన వారం చివరి మ్యాచ్. ఎదుటివాళ్లు మావాళ్లకు రెండింతల లావు. మా కెప్టెన్ ఉస్మాన్, సూడాన్ పిల్లాడు, బంతితో ముందుకు పోలేకపోతున్నాడు. అప్పుడు నాకు మన చైన్ గుర్తొచ్చిందన్నా. కబడ్డీలో మనం పక్కపక్కన చేతులు పట్టుకుని కూతకొచ్చినవాడిని చుట్టేస్తామే, అదే. ముగ్గురిని చేతులు పట్టుకుని ఉస్మాన్‌కు ముందు నడవమన్నాను. ఎదుటివాళ్లను తోసుకుంటూ దారి చేశారు, వాడు చివరి గీత దాటేశాడు. నేను ఎగిరి గంతేశాను. ఈలోగా రెఫరీ పసుపు గుడ్డ విసిరాడు. బంతి మోసేవాడి కోసం అలా చేతులు కలిపి అడ్డుపడకూడదట, ఫౌల్. ఆ పాయింట్లు కొట్టేశారు, ఓడిపోయాం. నోటుబుక్కులో బొమ్మలన్నీ చూశాను గానీ, రూల్స్ పుస్తకం సగం కూడా చదవలేదు. బుద్ధి లేదు నాకు.

మర్నాడు ముదీర్ నన్నూ ఉస్మాన్‌నూ ఆఫీసులో నిలబెట్టి, "చేతులు పట్టుకోమన్నది ఎవరు?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఉస్మాన్, "నేనే సర్" అన్నాడు. "అయితే నువ్వు ఖలాస్, టీములో లేవు" అని, నా వైపు తిరిగి, "మస్తాన్, నువ్వు బాగా ఆడించావు. నీ కాగితాలు పంపిస్తున్నా" అన్నాడు. నేను తల ఊపి బయటికొచ్చాను. ఆటలో ఉన్నాడనే ఉస్మాన్‌కు ఫీజు మాఫీ. టీములో లేకపోతే చదువూ లేదు.

రెండు రోజులు అన్నం సహించలేదు. మా బస్సు డ్రైవర్ రాజన్నకు చెప్పుకున్నాను, కరీంనగర్ మనిషి. "పిచ్చి లేసిందా తమ్మీ? పోరడు జెప్పిండు, అయిపాయె. నీ పెండ్లాం బిడ్డ రావద్దా? ఊకో" అన్నాడు. నిజం రాస్తున్నా, ఊరుకుందామనే అనుకున్నాను. మూడోరోజు ఉస్మాన్ తన హెల్మెట్, మెత్తలు శుభ్రంగా తుడిచి తెచ్చి నాకప్పగించాడు. పోతూ పోతూ, "కోచ్, మీ పాప ఎప్పుడొస్తోంది?" అన్నాడు.

నేరుగా ముదీర్ దగ్గరికి పోయి తప్పు నాదని చెప్పేశాను. ఆయన అరవలేదు. నా కాగితాలు సొరుగులో పెట్టి, "రూల్ తెలియనివాడు కోచ్ ఎట్లా అవుతాడు?" అన్నాడు. ఆ మాటకు నాకు కోపం కూడా రాలేదు, ఉన్నమాటే కదా. ఉస్మాన్ టీములో ఉన్నాడు. సెలవులయ్యాక కొత్త కోచ్ వస్తాడు. నేను మళ్లీ గీతలు కొట్టుకుంటున్నాను.

ఆ తర్వాత రషీదాకు మూడుసార్లు ఫోను చేశాను. ఎప్పుడు బయల్దేరాలని అడిగితే, కాగితాలు ఆఫీసులో ఉన్నాయని చెప్పి పెట్టేశాను. బడికి సెలవులివ్వగానే పాపకు టీసీ తీసుకుంటానంటోంది. తీసుకోనివ్వొద్దు. ఈ హెల్పర్ వీసా తీరేదాకా, ఇంకో రెండేళ్లు, నాకిక్కడ ఒంటరి బతుకే. వదినకు, ఖాదర్ మామకు నా సలాములు చెప్పు. పాపను దగ్గరికి తీసుకో.

రషీదాకు ఈ సంగతి నువ్వే చెప్పాలన్నా, నా వల్ల కావడం లేదు. మస్తాన్ రూల్ తెలియక ఓడిపోయాడు, అందుకే కోచ్ వీసా పోయిందని చెప్పు. దానికి రెండు రోజులు తిట్టి ఊరుకుంటుంది. నా అంతట నేనే పోయి ఒప్పుకున్నానని మాత్రం చెప్పొద్దు.

మీ దువాలు కోరే
తమ్ముడు మస్తాన్