బామ్మర్ది మోటారు, బావ చిరునామా

దాజీ పేట్, షోలాపూర్
ఏప్రిల్ 1954

పూజ్యులైన పెంటప్ప మామకు మేనకోడలు ద్రౌపది నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నాన్న, అమ్మ, నేను, మగ్గం నలుగురం బాగానే ఉన్నాం. సిరిసిల్లలో మీరు, రాజమ్మత్త, కోళ్లు కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను.

మామా, ఒక సాయం కోరి రాస్తున్నాను. నాన్న పగలంతా పవర్‌లూమ్ షెడ్డులో సాంచా మగ్గాలు బాగుచేస్తాడని మీకు తెలుసు. మూడేళ్లుగా ఇంటికి వచ్చాక కూడా చేతులు ఊరుకోవడం లేదు. పూనాలో మిలిటరీవాళ్లు పాత సామాను వేలం వేస్తే ఒక మోటారు సైకిలు ఇంజను తెచ్చాడు. చక్రాలు ఒకచోట, గొట్టాలు ఇంకొకచోట సంపాదించాడు. పాత మగ్గం కట్టెలతో పక్కన ఒక తొట్టి కట్టాడు, అందులో ఒక మనిషి హాయిగా కూర్చోవచ్చు. ఇదంతా దేనికంటే ఆదివారం హిప్పరగ చెరువు దాకా పోయి రావడానికి. ఇంకే పనీ లేదు.

ఇక్కడి మోటారు ఆఫీసులో చూపిస్తే, ఇంజను ఒక బండిది, చక్రాలు ఇంకో బండివి, తొట్టి మగ్గానిది, దీన్ని ఏమని రాయాలని వెనక్కి పంపారు. నంబరు లేకుండా వీధిలోకి తెస్తే పట్టుకుపోతానని చౌకీ హవల్దారు చెప్పాడు. శ్రావణంలో నారలి పున్నమినాడు మార్కండేయుడి ఊరేగింపు వెనక ఈ మోటారు నడపాలని నాన్న ఆశ. అప్పటికి నంబరు రాకపోతే ఇంజను పిండి గిర్నీ లింగయ్యకు ఇచ్చేయాలని అమ్మ తీర్పు. లింగయ్య అప్పుడే వచ్చి కొలత తీసుకుపోయాడు.

కొంతం చౌక్‌లో సైకిలు దుకాణం పెట్టుకున్న గంగాధర్ ఒక ఉపాయం చెప్పాడు. "బొంబాయి రాజ్యంల కాకుంటే హైదరాబాద్ రాజ్యంల తీస్కో. ఆడ మీకు ఇల్లున్నది కదా" అన్నాడు. అక్కడ నంబరు కావాలంటే అక్కడి చిరునామా ఉండాలట. మీరుంటున్నది తాతయ్య ఇల్లే కదా, నాన్న కూడా అక్కడే ఉంటున్నట్టు రాసుకోనిస్తారా? అది అబద్ధం అవుతుందని నేను అన్నాను. "పుట్టింది ఆడనే. అబద్ధమెట్లయితది?" అన్నాడు నాన్న.

మీ మాట కోసం కళ్లు కాయలు కాచేలా చూసే
ద్రౌపది

తా.క. అమ్మకు చదివి వినిపించేటప్పుడు మోటారు కోసం మిమ్మల్ని అడుగుతున్నామంటే గొడవ అవుతుందని, మోటారు అన్న చోటల్లా మగ్గం అని చదివాను. మగ్గానికి నంబరు ఎందుకా అని ఆమె ఇంకా ఆలోచిస్తూనే ఉంది.



సిరిసిల్ల

చిరంజీవి ద్రౌపదికి పెంటప్ప మామ దీవించి చెప్పి రాయించే ఉత్తరం. నేను చెప్తుంటే బడిపంతులు దత్తాత్రి రాస్తున్నడు. చెప్పింది చెప్పినట్టే రాయమన్న, ఆయన సొంత తెలివి కలపద్దన్న.

బిడ్డా, నువ్వు పెద్ద చదువు చదివినవు, మంచిదే. కానీ నన్ను ఏమనుకుంటున్నవు? ఏండ్లకేండ్లు మీ నాయినకు ఈ ఇల్లు యాదికి రాలే. పైకప్పు కురిసిననాడు రాలే, గోడ కూలిననాడు రాలే. ఇప్పుడు సర్కారు కాగితం మీద "సిద్ధరాములు ఈ ఇంట్ల ఉంటడు" అని రాయాల్నంట! ఒక్కసారి రాస్తే ఏమైతదో నాకు ఎరుకే. రేపు ఆ కాగితం పట్టుకొని వచ్చి "బావా, జర జరుగు" అంటడు.

ఇంకోటి. ఆదివారం చెరువు చూడనీకి ఎవడన్న మూడేండ్లు పని చేస్తడా? చెరువు చూడాల్నంటే నడిచిపోతరు. ఇందుల ఏదో మతలబున్నది. మోటారు నా పేరు మీద రాయించుండ్రి. ఇల్లు నాది, పేరు నాది, అప్పుడు నాకు ఏ అనుమానం లేదు.

మీ అత్త మిమ్ములను అడిగినట్టు రాయమన్నది. రాసిన.

ఇట్లు, ఈ ఇంట్లనే ఉండే
పెంటప్ప

తా.క. ఇది లేఖకుడు దత్తాత్రి సొంతంగా రాస్తున్నది. ఉత్తరం నడుస్తుండగా ఆయన రెండుసార్లు లేచి ఇంటి తలుపు ఉన్నదో లేదో చూసి వచ్చారు. నేను రాశానని చెప్పకండి.



దాజీ పేట్, షోలాపూర్

మామకు మళ్లీ ద్రౌపది నమస్కారాలు. మీ ఉత్తరం గట్టిగా చదవమని నాన్న అన్నాడు. చదివాను. చదవకపోతే బాగుండేది.

"అరే, కమాల్ చేసిండు బావ!" అన్నాడు నాన్న. "మూడేండ్లు చేతులు కాలవెట్టుకున్నది నేను, పేరు ఆయనదా? నంబరు రాంగనే మోటారు నాది అంటడు. నా పెండ్లిల నా కొత్త చెప్పులేసుకొని పోయినోడు, మోటారు ఇడుస్తడా?"

"ఆ చెప్పుల ముచ్చట ఇంక ఇడువవా నువ్వు?" అన్నది అమ్మ, బీడీలు చుడుతూనే. (మిమ్మల్ని అడిగింది మోటారు కోసమేనని ఆమెకు తెలిసిపోయింది. మగ్గానికి హారన్ ఎందుకని అడిగింది.)

మామా, ఇల్లు మాకు వద్దని నేను సంతకం చేసి ఇస్తాను. మీరు ఎందుకు నమ్మరో నాకు అర్థం కాదు. నాన్న ఎందుకు నమ్మడో అసలే అర్థం కాదు. మీ ఊరికి మోటారు ఇన్‌స్పెక్టరు వస్తుంటాడని, బండిని ఉన్నచోటే చూసి రాసుకుంటాడని గంగాధర్ అంటున్నాడు. అందుకని మా పక్కింటి బాలయ్య వెంట మోటారును గూడ్సు రైలులో పంపుతున్నాం. ఎవరి పేరన్నది ఇన్‌స్పెక్టరు ముందే తేలుతుందట. ఆ రోజుకు నాన్న వస్తాడు. అంతవరకు దయచేసి నీడలో పెట్టండి.

మీ ఇద్దరి మధ్య నలిగే
ద్రౌపది

తా.క. దాచిపెట్టడం నాకు చేతకాదు. మీరు నడపకుండా నాన్న అందులోంచి ఒక ప్లగ్గు తీసి అమ్మ బీడీల చాట కింద పెట్టాడు. అది లేకపోతే ఇంజను పలకదు. వెతుక్కోవద్దని చెప్తున్నాను.



సిరిసిల్ల

ద్రౌపదికి మామ దీవెనలు.

వచ్చింది మీ మోటారు. మోటారు ఎక్కి మనుషులు వస్తరని విన్న గాని, ఎడ్లబండి ఎక్కి మోటారు వచ్చుడు ఈ ఊరు మొదటిసారి చూసింది. పిల్లలు జాతర చేసిండ్రు. ఎడ్లు సుత బెదిరినయి.

ప్లగ్గు తీసిండని నువ్వు ముందే చెప్పినవు, నీది మంచి మనసు. కానీ నమ్మకం ఉన్నోడు ప్లగ్గు తీస్తడా? తొట్టి అడుగున కొడితే డొల్ల చప్పుడైతున్నది. ఏం దాచిండ్రు? బాలయ్యను అడిగితే "మామా, కట్టె అట్లనే మోగుతది" అన్నడు. వాడు మీ మనిషే కదా. నేను పలక ఊడదీద్దామనుకున్న. అప్పటికే మీ అత్త కోడి అందుల గుడ్లు పెట్టి పొదుగవట్టె. పిల్లలయ్యేదాక తొట్టి ముట్టద్దని మీ అత్త కట్టె పట్టుకొని నిలవడ్డది.

ఒకటి మాత్రం చెప్పాలె. మోటారు వచ్చినకాడినుంచి పోలీస్ పటేలు నన్ను చూసి "ఆ పెంటప్పా, రా, కూసో" అంటున్నడు. ఇంతకుముందు వాడు నా దిక్కు చూడలేదు. అందుకని ఆలోచన చేసిన. మోటారు ఈడనే ఉండనీయుండ్రి. మీ నాయినకు కావాల్నంటే వచ్చి చూసిపొమ్మను.

ఇట్లు, మోటారు గల
పెంటప్ప

తా.క. దత్తాత్రి రాస్తున్నది. సాయంత్రం కాగానే ఆయన దానిమీద కూర్చుంటున్నారు. మోటారు కదలదు, పలకదు. చప్పుడు ఆయనే నోటితో చేస్తున్నారు. మలుపు వచ్చినప్పుడు పక్కకు వంగుతున్నారు కూడా.



దాజీ పేట్, షోలాపూర్

మామకు ద్రౌపది నమస్కారం. ఒక్కటే నమస్కారం, ఎక్కువ రాయడానికి మనసు రావడం లేదు.

బాలయ్య తిరిగివచ్చి అంతా చెప్పాడు. నల్ల కళ్లద్దాలు కూడా తెప్పించుకున్నారట. నాన్న అన్నం ముందు నుంచి లేచాడు. "చూసినవా బిడ్డా! నేను అననే అన్న" అని తప్ప ఇంకో మాట లేదు. పున్నమి దగ్గరికి వచ్చింది. లింగయ్య నిన్న ఇంజను కట్టుకుపోవడానికి తాడు కూడా తెచ్చాడు. మోటారు ఇక్కడ లేదంటే, వచ్చేదాకా తాడు మా ఇంట్లోనే ఉంచుతానని వదిలి వెళ్లాడు. నాన్న ఆ తాడు వైపు చూడలేక గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు.

మామా, నా తరఫున ఒక మాట రాస్తాను, ఇది నాన్నకు చదివి వినిపించను. నన్ను బడికి పంపిన రోజు పేటలో అందరూ అడిగారు, ఆడపిల్లకు చదువు దేనికని. నాన్న "ఏమో, నాకు ఇష్టం" అన్నాడు. మోటారు దేనికని మీరు అడిగితే ఆయన దగ్గర ఇప్పుడూ అదే జవాబు. ఇందులో మతలబు ఉందని మీరు అనుకుంటే, అప్పుడు నా చదువులోనూ ఉందనుకోవాలి.

ఇన్‌స్పెక్టరు సోమవారం వస్తాడని తెలిసింది. నాన్న ఆ పొద్దుటికే దిగుతాడు. ఆయన వచ్చేదాకా ఏ కాగితం మీదా వేలు పెట్టకండి.

మీ మీద కోపం రాకూడదని ప్రయత్నించే
ద్రౌపది

తా.క. ప్లగ్గు నాన్న బనీను జేబులో ఉంది. నిద్రలో కూడా చెయ్యి దానిమీదే.



సిరిసిల్ల

బంగారు బిడ్డ ద్రౌపదికి మేనత్త రాజమ్మ ముద్దులు. ఇగో, ఈసారి చెప్పేది నేను. పంతులు రాస్తున్నడు. మీ మామ గడప మీద కూసొని ఇంటున్నడు, మీ నాయిన ఆయన పక్కన.

సోమవారం పొద్దున మీ మామ బస్సు కాడికి పోయిండు, మీ నాయిన దిగంగనే ఆపుదామని. మీ నాయిన ఒక ఊరు ముందే దిగి, పొలాలల్ల నడిచి వచ్చి, ఆ బస్సు కాడనే చింతచెట్టు ఎనక నిలవడ్డడంట, మీ మామ ఇన్‌స్పెక్టరును ముందే పట్టుకుంటడేమోనని. ఇద్దరు ఒకల మీద ఒకలు కావలి. ఆ తమాష చూడనీకి వాడకట్టంత ఆడికే పోయింది.

ఇన్‌స్పెక్టరు బస్సుల రానే లేదు. జీపుల సక్కగ ఇంటికే వచ్చిండు. ఇంట్ల నేను, కోడి.

మోటారు చుట్టూ తిరిగిండు, ఇంజను మీద నంబరు రాసుకున్నడు. కోడిపిల్లలను నేను తీసిన తర్వాత తొట్టి చూసిండు. "ఎవరు చేసిండ్రు? పని బాగున్నది" అన్నడు. "నా తమ్ముడు" అన్న. "నడుస్తదా?" అన్నడు. "సాయంత్రం పూట మా ఇంటాయన నోటితోని నడుపుతడు" అన్న. నవ్విండు.

"అయితే ఎవరి పేరు రాయాలె?" అన్నడు. తమ్ముని పేరు చెప్పిన. ఆయన షోలాపూర్‌ల ఉంటడంటే రాయరాదు, ఈ ఇంట్ల ఉండేటోళ్లదే చెప్పమన్నడు. ఈ ఇంట్ల ఉండేది మీ మామ. మొగని పేరు నా నోట ఎట్ల వస్తది బిడ్డా? పెండ్లయినకాడినుంచి అనలే. ఆ సారు ముందల అంటనా? "చెప్పమ్మా, పొద్దు పోతున్నది" అన్నడు. కొంగు నోట్లె కుక్కుకొని నిలవడ్డ. పక్కింట్ల అడుగుదామంటే ఒక్క మనిషి లేడు. ఆఖరికి ఆయనే యాష్టపడి "పోనీ, నీ పేరన్న చెప్తవా?" అన్నడు.

నా పేరు చెప్పనీకి నాకేం అడ్డం? చెప్పిన. రాసుకున్నడు. వేలు పెట్టిచ్చుకున్నడు. నంబరిచ్చి పోయిండు.

మోటారు నాదే ఇప్పుడు. మీ నాయిన ఉరుక్కుంట వచ్చి "అక్కా, ఎంత పని చేసినవే" అన్నడు. మీ మామ "గింత కుట్ర నా ఇంట్లనే జరిగిందా" అన్నడు. ఇద్దరికి ఛాయ పోసి చెప్పిన: మోటారు షోలాపూర్ పోతది, పున్నమికి ఊరేగింపుల నడుస్తది. నడిపేది నా తమ్ముడు. తొట్టిల కూసునేది నేను. యజమాని వెంట ఉంటే పరాయి రాజ్యం నంబరును ఎవరూ అడగరని సారే చెప్పిండు. మీ మామ ఎనక సీటు మీద కూసుంటడంట, నల్లద్దాలు వెట్టుకొని. సరే అన్న. ఆ గిర్నీ ఆయనను తాడు తీస్కపొమ్మను.

మూట కట్టుకుంటున్న
మీ అత్త, రాజమ్మ

తా.క. బిడ్డా, వచ్చినప్పుడు నాకు రాసుడు నేర్పాలె. ముందుగాల నా పేరు. తర్వాత మీ మామ పేరు. నోటితోని అనద్దన్నరు గాని, చేతితోని రాయద్దని నాకు ఎవరూ చెప్పలే. ఏ కాగితం మీద రాయాల్నో, ఏ కాగితం మీద రాయద్దో, అది ఇంక నేనే చూసుకుంట.