మంత్రగత్తె చేతి పసుపు

ఉదయశ్రీకి,

నీ నవల చదివాను. ఎల్లమ్మ పూనిన మంత్రగత్తె డ్రమ్స్ మోగిస్తే ఎండిన వేపమండలు చిగురించడం బాగుంది. ఆ ఉంగరాల జుట్టు, ఎడమచేతి వాటం చూస్తే ఆమె మన బ్యాండులో డ్రమ్స్ వాయించడానికి కొత్తగా చేరిన మనీషేనని అశోక్‌నగర్‌లో ఎవరైనా చెబుతారు. నీలాగే గిటారు వాయించే నీ కథలోని పిల్ల ఆమెను ప్రేమించడం కూడా సహించాను.

కానీ చివరి అధ్యాయంలో, గిటారు తీగలకు కోసుకుపోయిన ఆ పిల్ల వేళ్లకు మంత్రగత్తె పసుపు అద్దుతూ "జర ఓర్చుకోవే, మండుతది" అంటుంది. మనీష అయితే ప్లాస్టర్ అంటించి ఊరుకునేది. చిక్కడపల్లి డాబా మీద నీ వేళ్లు పట్టుకుని పసుపు అద్దుతూ ఆ మాట అన్నది నేను.

అచ్చుకు పంపేలోపు ఒక్కటి మార్చు. మంత్రాలూ ముద్దులూ ఆమెకే ఉంచు. ఆ పసుపు మాత్రం నాకు తిరిగి ఇచ్చెయ్.

ఇప్పటికీ నీదాన్నే అనుకుంటున్న
నేను