క్రాపీ చేపల పులుసు

ఏమండీ,

ఈరోజు మీ సంవత్సరీకం. పొద్దున్నే మీ పడవని ట్రక్కుకి తగిలించుకుని, పక్కింటి సరళతో మన ఊరు కిచెనర్ నుంచి సరస్సుకి వెళ్ళాను. గాలాలు పడవ వెనక నీళ్ళలోకి వదిలి, ఆ జూలై ఎండలో పడవని నడకకన్నా మెల్లగా పోనిచ్చాను. మీరేమో మోటారు జోరుగా పోనిచ్చి, చేప తగలగానే గుంజేవారు. క్రాపీ చేప నోరు మెత్తన, గాలానికి చిరిగి చేప జారిపోయేది. "నీ వాగుడికే బెదిరిపోతున్నాయి, నోర్ముయ్!" అని నామీద అరిచేవారు.

ఈరోజు సరళా నేనూ ఆపకుండా వాగాం, పగలబడి నవ్వాం. బకెట్ నిండింది.

"అంకుల్‌కి ఇష్టమని పులుసు పెడుతున్నారా, ఆంటీ?" అంది సరళ.

పెట్టాను. ఇద్దరం గిన్నె ఊడ్చుకుని తిన్నాం.

పోయినవాళ్ళకి ఇష్టమైనది వండి ఫోటో ముందు పెట్టాలంటారు. మీకు పెరుగన్నం పెట్టాను. నోరు మూసుకుని తినండి.