వాలు మీద మొదటి మనిషి

ఇతోయిగావా

నాన్నా,

ఎంత కోపంలో ఉన్నా మిమ్మల్ని ప్రేమగానే పిలవడం అలవాటైపోయింది, ఏం చెయ్యను. మీ ఉత్తరం అందింది. ఓమాచిలో తోఫు దుకాణం వాళ్ళ రెండోవాడు బుద్ధిమంతుడట, కొండ బాగా ఎక్కుతాడట, మన ఇంటిపేరు పెట్టుకుని ఇల్లరికం రావడానికి ఒప్పుకున్నాడట. నా మొగుడు కోహెయి పోయి ఏడాది తిరగలేదు. అతను పోయాక నేను అత్తగారి దగ్గరే ఉంటున్నాను కదా, ఆవిడ చేపలు కోస్తూ, "ఏం రాశారమ్మా మీ నాన్న?" అని అడిగితే, అంతా కుశలమేనని అబద్ధం చెప్పాను.

గైడుల ఇంట పుట్టినదాన్ని, మన ఆచారం నాకు తెలియనిది కాదు. కొండెక్కడానికి వచ్చిన అతిథుల్ని మంచువాలు దాటించేటప్పుడు ఇల్లరికపు అల్లుడే ముందు నడవాలి. దానికి 'దారి తెరవడం' అని గౌరవమైన పేరొకటి. మంచు నిలిస్తే మిగతావాళ్ళు దాటుతారు. జారితే ఇంటి రక్తం ఒడ్డున క్షేమంగా ఉంటుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, కోహెయి అలా ముందు నడిచేదాకా ఇందులో ఉన్న అన్యాయం నాకు తట్టలేదు.

ఆ రోజు నేను మీ వెనకే ఉన్నాను. మబ్బులేని రాత్రుల్లో పేరుకున్న నూగుమంచు మీద కొత్త మంచు మందంగా పడి ఉంది. అడుగు వేస్తే కింద ఏదో కుంగినట్టు ధబ్బుమంది. కోహెయి పార తీసి, "మామగారూ, ఒక్క గొయ్యి తవ్వి చూద్దామండీ. అడుగు పొర బాగాలేదేమో" అన్నాడు. మీరు అతిథుల వైపు తిరిగారు.

"చూశారా, మా అల్లుడు కొండెక్కి ముల్లంగి తవ్వుతాడట! తాతల నాటి నుంచీ కాళ్ళతోనే మంచు సంగతి కనిపెట్టాం నాయనా. నడు నడు, వీళ్ళు చలికి కొయ్యబారిపోతున్నారు."

అందరూ నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. పార సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. వాలు మధ్యకు చేరగానే మంచు పలకలా తెగి అతన్ని లాక్కుపోయింది.

కర్మలనాడు మీరు చుట్టాలతో, "మంచివాడే గానీ దూకుడెక్కువ" అన్నారు. నా ఒళ్ళు మండిపోయింది. అయినా అందరికీ టీ పోశాను. ఆ తర్వాత తెగిన అంచు దగ్గర నేనే తవ్వి చూశాను నాన్నా. అడుగు పొర పిడికిట్లో పంచదారలా రాలిపోయింది. అతను అడిగింది ఆ ఒక్క గొయ్యే.

పెళ్ళి చేసుకోను. ఇంటికి మాత్రం వస్తాను. ఈ ఏటి మొదటి అతిథులను అదే వాలు మీద దాటించాలి కదా. అల్లుడు లేడు కనుక నేను ముందు నడుస్తాను. మీరు వెనక నిలబడి చూడండి.

మీ కూతురు,
చిజురు


ఒతారి

చిజురు తల్లీ,

నువ్వు మొండిఘటానివి, అన్నంత పనీ చేస్తావు. నిన్న తెల్లవారగానే పార పట్టుకుని వాలు అంచుకు వెళ్ళాను. నడుమంత లోతు తవ్వి, మంచు దిమ్మ కోసి, దాని మీద పార పెట్టి తట్టాను. అలా తట్టానో లేదో పై పొర సొరుగులా ముందుకు జారింది. అతిథులను రావద్దన్నాను. ఈ ఏడు ఆ వాలు ఎవరూ దాటరు. నా నడుము పట్టేసింది. నువ్వు రాకమ్మా, నా మాట విను.

నాన్న


ఇతోయిగావా

నాన్నా,

రావడం లేదు. మీ ఉత్తరం అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుని మళ్ళీ చదవమంది. అంతా విని, "అయితే మీ నాన్నకి తవ్వడం వచ్చన్నమాట" అంది. లేచి చేపల దగ్గరికి వెళ్ళిపోయింది.

మీకు నిజంగా తవ్వడం చేతకాదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అలా అనుకున్నంతకాలం మిమ్మల్ని ఎప్పటికైనా క్షమించగలనన్న ఆశ ఉండేది.

కోహెయి భార్య,
చిజురు