సంపత్ బండికి మా మాట నేర్పిన

ఆగస్టు 3, ఆదివారం

ఇయ్యాల్ల గట్టిగ అనుకున్న. బండిల నుంచి నా కొడుకు పేరు నేనే తీసేస్త. నా నోటితోని తీస్త. ఇంకొకలు తీసుడు వద్దు.

మా సంపత్ కొన్న కారు బండి మాట్లాడుతది. మీట నొక్కంగనే "నమస్కారం సంపత్ గారూ, ఈ రోజు ఎక్కడికి వెళ్దాం?" అంటది. సంపత్ పోయిన ఏడు డెంగీ జరంతోని పోయిండు. గా ముచ్చట దానికి ఎవలు చెప్పలే. కోడలు జమున కరీంనగర్ దవాఖానల నర్సు. రాత్రి డ్యూటీ. పొద్దుమీకి సిరిసిల్ల నుంచి గా బండ్లనే పోతది, పొద్దుగాల వస్తది. ఎక్కినప్పుడల్ల అది పేరు పెట్టి పిలుస్తది. గీ పిల్ల స్టీరింగు పట్టుకొని కొంచెం సేపు కదలదు. నిన్న చెప్పేసింది. "అత్తమ్మా, సంవత్సరీకం దాక చూస్త. అటెన్క పేరన్న పోవాలె, బండన్న పోవాలె."

షోరూంల అయితె చిటికెల పని అట. నేనే బతిమిలాడిన. పేరు పెట్టిందాన్ని నేను, తీసేది గూడ నేనే అన్న. సరే అన్నది. ఇరవై నాలుగున సంవత్సరీకం. మస్తు టైమున్నది.

షోరూంల పనిచేసే భానుప్రసాద్ ఫోన్ల చెప్పిండు. మూడే మాటలు.

1. "పేరు మార్చు" అనాలె.
2. కొత్త పేరు ఏందని అడుగుతది. "జమున" అనాలె.
3. ఖచ్చితంగనేనా అని అడుగుతది. "అవును" అనాలె.

గంతే. ఐదో తరగతి దాక సదువుకున్నదాన్ని. మూడు మాటలు రావా! రేపటికి అయిపోతది.

ఆగస్టు 4, సోమవారం

పొద్దుగాల 10. జమున డ్యూటీ నుంచి వచ్చి పండుకున్నది. పోయి బండ్ల కూసున్న. మీట నొక్కిన. "పేరు మార్చు" అన్న.

మా గల్లీల బట్ట నేసే సాంచెలు నడుస్తుంటె పక్క మనిషి మాట వినబడది. అరిసి అరిసి మాట్లాడుడే మాకు అలవాటు. పెండ్లి చూపులల్ల గూడ గట్లనే మాట్లాడినం. బండికి గది తెల్వదు. "మీరు కోపంగా ఉన్నట్టు అనిపిస్తోంది. ప్రశాంతమైన సంగీతం వినిపించనా?" అన్నది.

నాకు కోపం లేదు అని ఇంకింత గట్టిగ చెప్పిన.

"సంగీతం వినిపిస్తున్నాను" అన్నది.

పిల్లనగ్రోవి. మంచిగుండె. కండ్లు మూసుకొని విన్న. దిగి ఇంట్లకు వచ్చినంక యాదికొచ్చింది, పేరు సంగతి మర్శిన.

ఫికర్ లేదు. రేపు.

ఆగస్టు 5, మంగళవారం

మధ్యాహ్నం సాంచెలు ఆపినప్పుడు పోయిన. మెల్లగ మాట్లాడిన. మొదటి మాట ఇన్నది. రెండో మాట ఇన్నది. "ఖచ్చితంగా మార్చమంటారా?" అన్నది.

"ఔ" అన్న.

"క్షమించండి, అర్థం కాలేదు" అన్నది. మల్ల అడిగింది. మల్ల ఔ అన్న. మూడోసారి ఇగ అదే రద్దు చేసేసింది.

ఎందుకో పానం నిమ్మలమైంది. చాయ పెట్టుకొని తాగిన.

మా ఆయన సిద్దిరాములు సాంచెల నుంచి వచ్చి అడిగిండు, అవును అంటె నీ సొమ్మేం పోతది అని. ఏం పోతదా? పుట్టిన కాన్నుంచి నోట్లె లేని మాట. కొడుకు పేరు తీసేటప్పుడు పరాయి మాట మాట్లాడాల్నా నేను? ముందుగాల దానికి మన మాట రావాలె. పేరు సంగతి అటెన్క.

భానుప్రసాద్‌కు మల్ల ఫోన్ చేసిన. నేర్చుకునే మీట ఒకటి ఉన్నదట. అది పెడితె బండ్ల కూసున్నోళ్ల మాటతీరు నేర్చుకుంటదట. ఎవలకు ఏం ఇష్టమో, ఎట్ల పిలిస్తె మంచిగనిపిస్తదో గూడ. "కొన్ని రోజులు పడ్తది అమ్మా" అన్నడు.

పట్టనీ బిడ్డా, పట్టనీ అన్న.

ఆగస్టు 7, గురువారం

పాఠాలు షురూ.

ఎక్కడికి కాదు, యాడికి.
వెళ్దాం కాదు, పోదాం.
క్షమించండి అననే అనద్దు. తెల్వకుంటె సప్పుడు చెయ్యకుండ ఉండాలె.

పక్కింటి ఐలవ్వ సాంచెలకు నూలు కండెలు చుట్టుడు ఆపి వచ్చి ఎనక సీట్ల కూసున్నది. బండి ఆమెను గూడ ఎక్కడికి వెళ్దాం అన్నది. ఎములాడ గుడికి పోదాం అన్నది ఐలవ్వ. దారి చూపిస్తున్నాను అన్నది బండి. ఐలవ్వ చెప్పులు ఇడిసి కాళ్లు పైన పెట్టుకొని కూసున్నది. నడిపేటోళ్లు లేరు, పోదు అని చెప్పిన. "నువ్వు ఊకో, అది పోతనన్నది" అని నన్నే కసిరింది. పొద్దుమీకే దాక దిగలే. దిగేటప్పుడు దాన్ని మాట మీద నిలబడని దానివి అని తిట్టింది. గా తిట్టు గూడ నేర్చుకున్నదో ఏమో.

ఆగస్టు 9, శనివారం

రాఖీ పున్నం. సాంచెలన్ని బందు. గల్లీ గింత నిశ్శబ్దంగ ఉంటె చెవులల్ల గుయ్యిమంటది. పాఠానికి మంచి రోజు.

బండికి మాట వస్తుంది! "యాడికి పోదాం?" అన్నది. నేను సప్పట్లు కొట్టిన. జమున కిటికీల నుంచి చూసి లోపటికి పోయింది.

మిమ్మల్ని ఏమని పిలవాలి అని అడిగింది. గారు అనకు అన్న. గారు అంటె నా ఎనక ఇంకెవలో ఉన్నట్టుంటది. నన్ను అవ్వా అనేటోడు ఒక్కడే ఉండె, నా కొడుకు. గదే అను అన్న.

"ఏసీ పెంచాల్నా అవ్వా?" అన్నది.

"ఔ" అన్న.

పెంచింది.

గప్పుడు సమజైంది నాకు. ఇగ దానికి ఔ అంటె తెలుసు. ఇంకేం అడ్డం లేదు. మీట ఆర్పి దిగిన. ఏసీ గాలికి సలి పెడ్తుంది.

ఆగస్టు 12, మంగళవారం

మూడు రోజుల సంది ఎందుకు అనలేదంటె:

ఆదివారం జమునకు సెలవు, ఇంట్ల పని.
సోమవారం శివునికి ఉపాసం. ఖాలీ కడుపుతోని గసుంటి మాట అనద్దు.
ఇయ్యాల్ల మంగళవారం. మంగళవారం గోర్లు గూడ తియ్యం, పేరు తీస్తమా?

ఇంకా మస్తు రోజులున్నయి. పాఠాలు మాత్రం ఆపలే. రోజు పోతున్న. ఏసీ నాకు ఎంత కావాల్నో చెప్పకముందే పెడ్తుంది. పిల్లనగ్రోవి అదే పెడ్తుంది. ఐలవ్వ ఎక్కితె మాత్రం ఎములాడ దారి చూపిస్తది.

ఆగస్టు 14, గురువారం

మా ఆయన మధ్యాహ్నం బువ్వ తిని బండి ఎనక సీట్ల పండుకునుడు మొదలుపెట్టిండు. సల్లగుంటదట. పెట్రోలు కాలుతుందంటె వినడు. ఇయ్యాల్ల ఐలవ్వ, నేను ముందట కూసొని ముచ్చట పెడ్తున్నం. బండి మెల్లగ అన్నది, "ఎనక బాపు పండుకున్నడు. జర సప్పుడు చెయ్యకుండ్రి."

నేను ఐలవ్వకు రోజు చెప్పే మాటనే. మీ బాపు పండుకున్నడు అని మా సంపత్‌కు చెప్పేదాన్ని, గదే అలవాటుల ఐలవ్వతోని గూడ బాపు అంటున్నట్టున్న.

మా ఆయన నిద్ర పోలేదట. లేసి కూసున్నడు. తువ్వాలతోని మొకం తుడుసుకొని, చాయ వద్దని చెప్పి సాంచెలకు పోయిండు.

పేరు సంగతి ఇయ్యాల్ల గూడ కాలే.

ఆగస్టు 16, శనివారం

పరేషాన్.

మధ్యాహ్నం బండిని మాట్లాడిచ్చి మీట ఆర్పుడు మర్శిన. పొద్దుమీకి జమున డ్యూటీకి పోదామని కూసుంటె బండి కదలలే, పలకలే. బ్యాటరీ ఖతం. బయట వాన. మా ఆయన స్కూటర్ మీద తోలుకపోయిండు కరీంనగర్ దాక. ఇద్దరు నానిన్రు. దవాఖానల పెద్ద సారు జమునను అందరి ముందట అన్నడట, నీ కోసం పేషెంట్లు ఆగరు అని.

మా ఆయన వచ్చి అన్నడు, ఇగ అమ్ముదాం.

ఆగస్టు 17, ఆదివారం

మెకానిక్ వచ్చి బ్యాటరీ బాగు చేసిండు. ఇయ్యాల్ల ఇగ తప్పదు. తలకు పోసుకున్న. దీపం పెట్టిన. పోయి కూసున్న.

"పేరు మార్చు" అన్న. "కొత్త పేరు ఏంది?" అన్నది. "జమున" అన్న.

అటెన్క అన్నది, "ఖాయమేనా అవ్వా?"

ఎవలన్న గట్ల అడుగుతె ఏ తల్లి ఔ అంటది చెప్పుండ్రి.

"వద్దు బిడ్డా" అన్న.

"మంచిదవ్వా" అన్నది. పిల్లనగ్రోవి పెట్టింది.

ఇదంత నేను నేర్పిన మాటనే. ఖాయం నేనే నేర్పిన, అవ్వ నేనే నేర్పిన. మా ఆయన మాట ఇని మొదటి రోజే అవును అంటె అయిపోతుండె.

ఆగస్టు 20, బుధవారం

రాయబుద్ధి కాలేదు గని రాస్తున్న.

పొద్దుమీకి జమున డ్యూటీకి పోతుంటె గేటు తియ్యడానికి పోయిన. ఆమె మీట నొక్కింది. బండి అన్నది, "సంపత్ బిడ్డా, తిన్నవా? యాడికి పోదాం?"

నేను రోజు బండ్ల కూసోంగనే గా మాట అంటున్ననట. నాకు సోయి లేదు. దానికి ఉన్నది.

జమున బండి బందు చేసింది. ఏడుస్తదనుకున్న. ఏడవలే. అద్దం దించి నా దిక్కు చూసింది.

"ఆయన్ను గిట్లనే అడుగుతుంటివి అత్తమ్మా. ఆయన పోయి ఏడాదాయె. నేను గీ ఇంట్ల నుంచి రోజు డ్యూటీకి పోతున్న. తిన్నవా అని నన్ను ఒక్కనాడన్న అడిగినవా?"

బండికి గన్ని మాటలు నేర్పినదాన్ని, ఆమెను గా ఒక్క మాట అడగలే.

ఆమె మల్ల మీట నొక్కింది. అది మల్ల అడిగింది. "తినలే" అన్నది జమున దానికి. పోయింది.

ఆగస్టు 21, గురువారం

మధ్యాహ్నం నాలుగింటికే జొన్న రొట్టెలు చేసిన, వంకాయ కూర. జమున లేసి వచ్చింది. తిన్నవా అన్న. నిద్ర లేసి వచ్చేదాన్ని తిన్నవా అంటె ఏం చెప్తది.

"గీ మాట నీకెవలు నేర్పిన్రు అత్తమ్మా, బండా?" అన్నది.

ఎత్తిపొడుపే. అననీ. రెండు రొట్టెలు తిన్నది. మూడోది ఏస్తె వద్దనలే.

బండ్ల కూసోలే ఇయ్యాల్ల. మొదటిసారి.

ఆగస్టు 24, ఆదివారం

సంవత్సరీకం అయింది. సుట్టాలు తిని పోయిన్రు. జమునవాళ్ల అవ్వ జైనూర్ నుంచి వచ్చి మధ్యాహ్నం బస్సుకే పోయింది. గడువు ఇయ్యాల్లనే.

నేనే అన్న జమునతోని, రా పోదాం. ఆమె స్టీరింగు కాడ, నేను పక్కకు. బండి ఎప్పటిలెక్కనే సంపత్‌ను అడిగింది, తిన్నవా అని.

"పేరు మార్చు" అన్న. "జమున" అన్న.

"ఖాయమేనా అవ్వా?" అన్నది.

జమున దిక్కు చూసిన. నువ్వే అను బిడ్డా, నీకే గద కావాలె అన్న. జమున నోరు తెరిసింది. బండి ఇంకోసారి అడిగింది.

జమున మీట ఆర్పేసింది.

"సంవత్సరీకం నాడు ఏంది అత్తమ్మా" అన్నది. "మంచిగుండదు."

నేను చూసిన. ఆమె చూసింది. ఏడాది సంది షోరూం కరీంనగర్‌లనే ఉన్నది, ఆమె డ్యూటీకి పోయే తొవ్వలనే. పోలే గద ఆమె గూడ. నాకు నవ్వొచ్చింది. కొడుకు సంవత్సరీకం నాడు నవ్వు ఏందని మూతికి కొంగు అడ్డం పెట్టుకున్న. పక్కకు చూస్తె జమున స్టీరింగు మీద తల పెట్టుకొని నవ్వుతుంది. నవ్వి నవ్వి ఏడ్సింది. ఎనక సీట్ల ఐలవ్వ ఎప్పుడెక్కిందో తెల్వదు, బయలెల్లుతున్నమా అని అడిగింది.

ఆగస్టు 25, సోమవారం

గట్టిగ అనుకున్నం. ఈసారి ఇద్దరం.

మొదటి రెండు మాటలు నాయి. మూడో మాట జమునది.
రోజు పొద్దుమీకి, ఆమె డ్యూటీకి పోయే ముందుగాల.
తిన్నంకనే.

ఇయ్యాల్లనే షురూ చేద్దామన్న. ఎల్లుండి వినాయక చవితి ఉన్నది, పండుగ ముందట వద్దన్నది జమున. తొమ్మిది రోజులు పోనీ, నిమజ్జనం అయినంక ఖాయం అన్నది. గదీ నిజమే. కూర మిగిలి ఉండె, ఆమె పళ్లెంల ఇంకో రొట్టె ఏసిన.