సదస్సు రోజున బీదర్

ఎర్రమంజిల్,
18 నవంబరు 2001, ఆదివారం

చిరంజీవి కేదార్‌కు రాజనర్సయ్య రెండు చేతులూ జోడించి రాస్తున్న ఉత్తరం. పెద్దవాణ్ని, ఆశీర్వదించాలి. ఆ అర్హత నాకిప్పుడు లేదు. మీ అమ్మ అరుణాదేవి గారికి నమస్కారాలు.

ఇవాళ అమీర్‌పేటలో నా ప్రవచనానికి నువ్వు రాలేదు. పోయిన ఆదివారం నువ్వు ముందు వరుసలో ఉండగానే, ధర్మరాజు ఆడిన ఒక్క అబద్ధానికి రథం నేలకు దిగిన ఘట్టం ఎత్తుకున్నాను. మైకు అదిరేలా, "దొంగ సంతకం పెట్టిన చెయ్యి దేవునికి హారతి పట్టొద్దు" అని గర్జించాను. జనం చప్పట్లు కొట్టారు. నువ్వు తల దించుకున్నావు. నా మీద అనుమానం రాకూడదనే అంత గట్టిగా అరిచాను కేదార్.

పంజాగుట్ట హోటల్లో మన కంపెనీ సదస్సు రెండు రోజులు జరిగింది. బీదర్ గుహలో నీళ్లలో నడిచి నరసింహస్వామిని చూసి మొక్కు తీర్చనిదే గుండె ఆపరేషన్‌కు ఒప్పుకోనని మీ అమ్మగారు పట్టుబట్టారు. తన బదులు ఎవరు వెళ్లినా సరేనన్నారు. రెండో రోజు వేదిక మీద నీ సాఫ్ట్‌వేర్ నువ్వే చూపించాలి. స్టోర్సు చూసుకునే నాకు అక్కడ పనేం లేదు, హాజరు మాత్రం పడాలి. "నేను పోతా తియ్, జర నా పేరు కాడ సంతకం గీకెయ్" అన్నది నేనే. "ఏంటి గురువుగారూ, మీరు కూడానా?" అని నవ్వావు. "దేవుని పని రా, పాపం అంటదు" అన్నాను.

మేనేజరు ఉదయలక్ష్మి గారు నీ చేతిరాత పట్టేశారు. నన్నడిగితే, "నాకేం తెల్వదు మేడమ్, జరమొచ్చి ఇంట్ల పన్న" అన్నాను. నువ్వు పక్కనే ఉన్నావు. నా వైపు చూశావు, అంతే. నా పేరు చెప్పలేదు. నెలాఖరుకు నిన్ను ఉద్యోగం మానెయ్యమన్నారు.

నిన్న ఆవిడకు అంతా చెప్పి రాసిచ్చాను. "మీరు ప్రవచనాలు చెప్తారు కదండీ?" అన్నారు. తిట్టినా బాగుండేది. నీ సంగతి రేపు మళ్లీ చూస్తామన్నారు. ఇవాళ సభలో కూడా చెప్పాను, ఆ దొంగ సంతకం నా కోసమేనని. "మరి పోయిన వారం గంత గొంతెందుకు చించుకున్నవయ్యా?" అంది ప్రతి వారం వచ్చే బుచ్చమ్మ. ఇరవయ్యేళ్లలో మొదటిసారి ప్రవచనం మధ్యలో ఆపి వేదిక దిగాను.

ఇట్లు,
నిన్ను క్షమించమనడానికి కూడా సిగ్గుపడుతున్న
రాజనర్సయ్య

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. అసలు సంగతి రాయలేదు. మొక్కు తీరలేదు కేదార్. జహీరాబాద్, చెక్‌పోస్టు దాటి కన్నడ బోర్డులు కనబడగానే నాకు సెలవులొచ్చినట్టయింది. ముందు కోట చూద్దామనుకున్నాను. బురుజులెక్కాను, ఫిరంగి పక్కన ఫోటో దిగాను. సాయంత్రం గుహలో దిగితే, నీళ్లు నడుము దాకా వచ్చేసరికి నెత్తిమీద గబ్బిలాలు కదిలాయి. సముద్రంలో తోసినా జంకని ప్రహ్లాదుడి కథ ఇన్నేళ్లుగా చెప్తున్న నేను, భయపడి వెనక్కి తిరిగాను. బయట కొన్న కుంకుమ అమ్మగారి చేతిలో పెట్టి, "స్వామి నవ్విండమ్మా" అన్నాను. ఆ మాట నమ్మబట్టే ఆవిడ ఈ శుక్రవారం ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు.

ఆవిడకు చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం. బుధవారం సెలవు పెట్టి మళ్లీ వెళ్తున్నాను. ఈసారి నా మాట నమ్మొద్దు. పొద్దున ఆరు గంటల బీదర్ బస్సుకు నువ్వూ రా. గుహ మొదట్లో నిలబడు. నేను వెనక్కి తిరిగితే నన్ను పక్కకు జరిపి నువ్వు దిగు.