ఉమ్మడి కెర్నెల్, ఉప్పు డబ్బా

రాంగోపాల్‌పేట్

చిరంజీవి కల్పలతకు, మేనత్త పుష్పమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం, నా మోకాళ్లు తప్ప. ఫోన్ చేయక ఉత్తరం రాస్తున్నానని నవ్వకు. ఈ ఇంట్లో ఫోన్ మాట్లాడితే కోడళ్లిద్దరికీ ఎక్కడలేని పని నా గది ముందే దొరుకుతుంది.

మొన్న ఒక పెళ్లిలో "మీ అన్న బిడ్డ ఏం పని చేస్తది?" అని అడిగారు. "కెర్నెల్" అన్నా. అదేందని అడిగితే దగ్గు నటించి మంచినీళ్లకు లేచిపోయా. పైగా నువ్వు చేసిందంతా లోకానికి ఊరికే ఇచ్చేస్తావట. సైనిక్‌పురిలో అద్దె కట్టుకుంటూ ఈ దానధర్మాలేందే? నాకర్థమయ్యేటట్టు రాయి.

ఇట్లు,
నీ మేనత్త

తా.క.: కవరు మీద నా పేరు పెద్దగా రాయి. కిందటి ఉత్తరాన్ని మీ మామయ్య కరెంటు బిల్లనుకుని వారం దాకా ముట్టలేదు.

---

సైనిక్‌పురి

అత్తమ్మకు కల్పలత నమస్కారాలు.

కంప్యూటర్‌లో తెర, డిస్కు, ప్రింటర్ ఇట్లా చాలామంది ఉంటారు. వాళ్లకు పని పంచుతూ, ఒకరి కంచంలో ఇంకొకరు చెయ్యి పెట్టకుండా చూసే నడిమి ప్రోగ్రామే కెర్నెల్. మేం రాసింది దాచుకోం. ఎవరైనా చదవచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు. అదే ఓపెన్ సోర్స్. జీతం ఒక కంపెనీ ఇస్తుంది, బెంగపడకు.

ఇప్పుడు రెండు రకాల కెర్నెళ్లను పోలుస్తున్నా. ఒకటి ఉమ్మడి సంసారం లాంటిది. అంతా ఒకే కప్పు కింద, పని చకచకా అయిపోతుంది. కానీ ప్రింటర్‌ను చూసే భాగానికి పిచ్చిలేస్తే ఇల్లంతా కూలొచ్చు. రెండోదాంట్లో ఎవరి గది వారిది. ఒకరు పడిపోతే వాళ్లను మాత్రమే లేపుకోవచ్చు. కాకపోతే గదుల మధ్య కబుర్లు పంపుకోవడంలో ఆలస్యం.

ఉంటాను,
కల్పలత

తా.క.: నన్నడిగితే, నడిమి మనిషి అన్నింట్లో చెయ్యి పెట్టకపోతేనే ఇల్లు నిలుస్తుంది.

---

రాంగోపాల్‌పేట్

కల్పలతకు పుష్పమ్మ రాయునది. ఈసారి దీవెనలు లేవు.

తెర, ప్రింటర్ అని పేర్లు మారిస్తే పోల్చుకోలేననుకున్నావా? కాంతమణి నీకు ఫోన్ చేసింది కదూ! నా చిన్నకోడలు పై అంతస్తులో వేరే పొయ్యి కావాలని మొన్ననే అడిగింది. అదీ ఎక్కడ? నా గది పక్కనే, నా కళ్లముందే! అంతలోనే నువ్వు "ఎవరి గది వారిది" అని రాస్తావా?

అన్నింట్లో చెయ్యి పెట్టే నడిమి మనిషి ఎవరో కూడా నాకు తెలుసు. వంటింటి అలమారా తాళాలు నా నడుముకుంటే తప్పేంది? పొయ్యి రెండయిన రోజు ఈ ఇల్లు రెండయినట్టే. అది చూడటానికా నేనింత కష్టపడింది?

ఇట్లు,
నడిమి మనిషి

తా.క.: ప్రింటర్‌కు పిచ్చిలేస్తుందన్నావు. అది పెద్దకోడలి గురించే అయితే నిజమే.

---

సైనిక్‌పురి

అత్తమ్మా, కోపం తగ్గాకే ఈ ఉత్తరం చదువు.

నీ మీద ఒట్టు, నాకెవరూ ఫోన్ చేయలేదు. ప్రింటరంటే ప్రింటరే. ఉమ్మడి కెర్నెల్‌కేం తక్కువ? లోకంలో ఎక్కువ ఫోన్లు నడిచేది దాని మీదే. ఎక్కడెక్కడి వాళ్లో వేలమంది తలా ఓ చెయ్యి వేసి ఏళ్ల తరబడి నిలబెట్టారు. నా తా.క. కొట్టెయ్.

నీ
కల్పలత

తా.క.: దయచేసి ఈ ఉత్తరం ఇంట్లో ఎవరికీ చూపించకు.

---

రాంగోపాల్‌పేట్

బిడ్డా కల్పలతా,

నీ ఉత్తరం భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించా. "ఉమ్మడిదే గెలిచింది, ఇది చదువుకున్న పిల్ల తీర్పు" అన్నా. కాంతమణి తినడం ఆపి లేచింది. కంచం కడిగి పెట్టి, బ్యాగు తీసుకుని బొల్లారంలో తల్లిగారింటికి పోయింది.

మరునాడే నాకు జ్వరం. మంచం దిగలేదు. మీ మామయ్య ఉప్పులేని పప్పు తిన్నాడు. ఉప్పు డబ్బా ఎక్కడుందో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు మరి. గెలిచానన్న సంతోషం ఏ మూలా లేదు. ఆ పిల్ల తిరిగి రాకపోతే ఏం చేయాలె? భయమేస్తోంది.

నీ అత్తమ్మ

తా.క.: పెద్దకోడలు హోటల్ నుంచి ఇడ్లీలు తెప్పించింది. బాగున్నాయి. ఎవరితోనూ అనకు.

---

సైనిక్‌పురి

అత్తమ్మా,

ఏదీ గెలవలేదు, నా పోలిక ఇంకా సాగుతూనే ఉంది. మా పనిలో ఒక పద్ధతి ఉంది. కెర్నెల్‌లో ఏ మార్పు పంపినా అది ఎందుకో రాయాలి. రాయకపోతే "ఎందుకు?" అని అడుగుతాం. అడగకుండా తోసెయ్యం. పొయ్యి ఎందుకని కాంతమణిని నువ్వెప్పుడైనా అడిగావా?

జ్వరం తగ్గగానే బొల్లారం వెళ్లు.

కల్పలత

తా.క.: ముందు ఆ ఉప్పు డబ్బా ఎక్కడుందో మామయ్యకు చెప్పు.

---

రాంగోపాల్‌పేట్

నా బంగారు కల్పలతకు, అత్తమ్మ రెట్టింపు దీవెనలు. కిందటిసారి బాకీ పడ్డవి కూడా కలిపినా.

ఆటో కట్టించుకుని బొల్లారం పోయా. పొయ్యి ఎందుకే అని అడిగా. కాంతమణి ఏమందో తెలుసా?

"మీ కోసమే అత్తమ్మా. పొద్దుగాల చాయ్ కోసం మోకాళ్లు పట్టుకొని మెట్లు దిగుతుంటే చూడలేకపోతున్న. మీ రూము పక్కన పొయ్యి ఉంటే జెర ఆరామ్‌గ ఉంటదని అడిగిన. నేను చెప్పేలోపే మీరు లొల్లి షురూ చేసిన్రు."

సిగ్గుతో నా తల వంగిపోయింది. ఏడుపు కూడా వచ్చింది, దాచను. చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నా. పైన పొయ్యి పెట్టించాం. ఈ పొద్దున ఎవ్వరినీ లేపకుండా, ఒక్కదాన్నే హాయిగా కూర్చుని చాయ్ తాగా. చివరికి ఈ ఇంట్లో వేరుపడింది నేనే!

ఇట్లు,
పై అంతస్తు పుష్పమ్మ

తా.క.: తాళాలు వంటింటి మేకుకు తగిలించా. ఈ ఉత్తరం కూడా కవరు అతికించకుండా అక్కడే పెడుతున్నా. ఎవరైనా చదవచ్చు, తప్పుంటే దిద్దొచ్చు.

మళ్లీ తా.క.: అక్కా, నేను కాంతమణిని. పైన ఒక తప్పు దిద్దుతున్న. అత్తమ్మ ఒక్కతే తాగలేదు. "కాంతమణీ, నీ చాయ్ చల్లారుతున్నది!" అని మెట్ల మీదికెళ్లి కేకేసి ఇల్లంతా లేపింది.